కాగితమంత సందు

ఆ వేసవంతా మా ఇంట్లో భోజనాల బల్ల మీద ఎవరూ భోజనం చేయలేదు. బల్ల మీద కారు ఉండేది. మేం ముగ్గురం కంచాలు ఒళ్లో పెట్టుకుని, ఉయ్యాల చుట్టూ చేరిన చుట్టాల్లా దాని చుట్టూ కూర్చుని తినేవాళ్లం.

కారంటే మనుషులు ఎక్కేది కాదు. బాగా బలిసిన పిల్లి అంత ఉంటుంది, రిమోటుతో నడుస్తుంది. అలాగని బొమ్మ అంటే మా మరిదికి రోషం పొడుచుకొస్తుంది.

“బ్యాటరీతో నడిచేవి బొమ్మలు వదినా. ఇది నైట్రో. నిజం ఇంజను. ఇంధనం తాగుతుంది, పొగ వదులుతుంది, సరిగా చూసుకోకపోతే అలుగుతుంది” అన్నాడు, తెచ్చిన రోజున దాన్ని బల్ల మీద పెట్టి.

“అలిగేవాళ్లు ఇంట్లో ఇప్పటికే ఒకరున్నారు. రెండోది ఎందుకు?” అన్నాను.

కిటికీ పక్కన కుర్చీలో మా ఆయన పేపరు తిప్పారు. విన్నారో లేదో తెలియలేదు. ఆ మధ్య ఆయన విన్నా విననట్టే, విననిది కూడా విన్నట్టే ఉండేవారు.

మా ఆయన లిఫ్టు మెకానిక్కు. మా పెళ్లికి ముందు నుంచీ అదే పని. ఆ చలికాలంలో ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు కేబిను నెత్తిన నిలబడి పనిచేస్తుంటే అది జారింది. చెయ్యి విరిగింది. కట్టు కట్టారు, విప్పారు, ఎముక అతుక్కుంది, ఇక పనికి పోవచ్చని డాక్టరు చెప్పాడు. ఈయన పోలేదు. అడిగితే “ఇంకా సలుపుతోంది” అనేవారు. అదే చేత్తో నిండు గ్యాసు సిలిండరు ఎత్తి వంటింట్లో పెట్టడం నేను చూశాను. నేను చూశానని ఆయనా చూశారు.

కంపెనీవాళ్లు మంచివాళ్లే. వానలు పడేదాకా చూస్తామన్నారు. అప్పటికీ లిఫ్టు తిరిగే షాఫ్టులోకి దిగనంటే గోడౌనులో కూర్చోబెట్టి బోల్టులు లెక్కపెట్టే పని ఇస్తామన్నారు. బోల్టులు లెక్కపెట్టడం తప్పుపనేం కాదు. కానీ ఈయన ఎవరింటికి వెళ్లినా లిఫ్టు ఎక్కగానే కళ్లు మూసుకుని, దాని చప్పుడు విని, “దీనికి నూనె పెట్టి ఎన్నాళ్లయిందో పాపం” అని జాలిపడే మనిషి. అలాంటి మనిషి పొద్దున్నే లేచి గ్యాసు మీట చూసి, తలుపు గడియ చూసి, చదునైన నేల మీద స్టాండు వేసి ఉన్న స్కూటరు చక్రం కింద ఇటుక పెట్టి, మళ్లీ వచ్చి కిటికీ దగ్గర కూలబడేవారు. నాకు గుండె తరుక్కుపోయేది. పైకి మాత్రం ఆ ఇటుకని చూసి నవ్వేదాన్ని.

ఇక మా మరిది. మాతోనే ఉంటాడు, పరుపుల కొట్లో పని. పగలంతా జనానికి నిద్ర అమ్మి, సాయంత్రానికి ఇంట్లోవాళ్ల నిద్ర చెడగొట్టే ఉపాయాలు వెతుకుతాడు. పక్కా ఆరంభశూరుడు. ముందటేడు గిటారు, అంతకుముందు తేనెటీగలు. ఈసారి కారు. ఊరి చివర కోల్డ్ స్టోరేజీ వెనక మట్టి నేలలో ఒక క్లబ్బు ప్రతి ఆదివారం ఈ కార్ల పందేలు పెడుతుందట. ఎండలు ముదరగానే మొదలై, వానలు పడేలోపు ఆఖరి పందెం. ఎవరో విసిగిపోయి వదిలించుకుంటున్న కారుని మనవాడు మురిసిపోతూ కొనుక్కొచ్చాడు.

వచ్చిన మర్నాడే వరండాలో ఇంజను స్టార్టు చేశాడు. చెవిలో జోరీగ అంటామే, అలాంటివి వెయ్యి ఒక్కసారే దూరినట్టయింది. పై వాటా వాళ్ల కుక్క మంచం కిందకి దూరి సాయంత్రం దాకా బయటికి రాలేదట. కారు ముందుకి ఒక్క గంతు వేసి, గరగరమని, ఆగిపోయింది.

అప్పుడు కిటికీ దగ్గర నుంచి, ఎవరూ అడక్కుండానే ఒక మాట వచ్చింది.

“పళ్లు సరిగా కలవట్లేదురా. ఎవడో మరీ దగ్గరికి బిగించేశాడు.”

“చూడకుండానే ఎలా చెప్పావన్నయ్యా?”

“చెవులున్నాయి కాబట్టి.”

చెప్పి ఊరుకోలేదు, లేచి వచ్చారు. పిట్టగోడ మీద పిచ్చుక వాలితే కదలకుండా నిలబడతామే, అలా నేను గుమ్మంలో నిలబడిపోయాను.

ఆ సాయంత్రమే కారు బల్లెక్కింది. నేను ఇంట్లోనే కర్టెన్లు కుడతాను. నా పల్చటి ట్రేసింగ్ కాగితంలోంచి ఆయన ఒక చీలిక అడిగి తీసుకున్నారు. ఇంజను దగ్గర ఉండే చిన్న పళ్ల చక్రానికీ, దాన్నుంచి వేగం అందుకునే పెద్ద పళ్ల చక్రానికీ మధ్య ఆ చీలిక పెట్టి, రెంటినీ దగ్గరికి నొక్కి, మరలు బిగించి, చక్రం తిప్పి కాగితాన్ని బయటికి లాగారు. కాగితం మెట్లు మెట్లుగా ముడతలు పడి వచ్చింది.

“ముడత పడాలి, చిరక్కూడదు. చిరిగితే బిగువు ఎక్కువ. ముడతే పడకపోతే వదులు ఎక్కువ” అన్నారు.

“సంసారం లాగా” అన్నాడు మా మరిది.

“పెళ్లి కానివాడివి, నీకెలా తెలుసురా?” అన్నాను.

“మీ ఇద్దర్నీ చూస్తున్నాగా వదినా రోజూ, కాగితం పెట్టే చోటు కూడా లేదు.”

మా ఆయన నవ్వారు. చిన్న నవ్వే. నాకు మాత్రం లోపల దీపం పెట్టినట్టయింది.

ఆ తర్వాత వారం పది రోజులు ఆ కారు పొట్టంతా మా బల్ల మీదే ఉంది. అందులో మూడు డిఫరెన్షియళ్లుంటాయి. మలుపులో లోపలి చక్రం తక్కువ, బయటి చక్రం ఎక్కువ తిరగాలి కదా, ఆ పంపకాలు చూసేవి. ముందొకటి, వెనకొకటి, నడుమొకటి. ఒక్కోదాంట్లో ఒక్కో చిక్కదనం నూనె. అన్నదమ్ములిద్దరూ నా చిన్న గిన్నెలన్నీ పోగేసి, ఒక్కోదాంట్లో నూనె పోసి, చెంచాతో పైకెత్తి, ఏది ఎంతసేపు తీగసాగుతుందో చూసుకుంటూ కూర్చునేవారు. పాకం పట్టడం రాని మగవాళ్లకి ఇంత ఓపిక ఎక్కడ దాగి ఉందా అనుకున్నాను.

బ్రేకు దగ్గరికి వచ్చేసరికి ఈయన పని నెమ్మదించింది.

ఆ కారులో ఒకటే చిన్న మోటారు రెండు పనులు చేస్తుంది. రిమోటు మీట వేలితో లాగితే అది ఒకవైపు తిరిగి ఇంజనుకి దారి తెరుస్తుంది. మీట ముందుకి నెడితే రెండోవైపు తిరిగి, నడుమ ఉన్న రెండు డిస్కుల్ని ప్యాడ్లతో నొక్కుతుంది. ఏదీ చేయకపోతే మధ్యలో ఉంటుంది.

“మధ్యలో ఉన్నప్పుడు బ్రేకు ఉండదా?” అని అడిగారు.

“ఉండదన్నయ్యా. బండి దాని మానాన దొర్లుతుంది.”

“ఇదేం బ్రేకురా!”

లిఫ్టు బ్రేకు అలా కాదట. దాన్ని స్ప్రింగు ఎప్పుడూ బిగించి పట్టుకునే ఉంటుందట, కరెంటు వచ్చి తెరిస్తేనే వదులుతుందట. “ఎవరూ ఏమీ చెప్పనప్పుడు పట్టుకుని ఉండాలి. అదీ బ్రేకు ధర్మం” అన్నారు. అని, మర చివరిదాకా తిప్పి, వేలు తీసేసినా ప్యాడ్లు డిస్కుల్ని కావలించుకునే ఉండేలా బిగించేశారు. పైగా సాకు కూడా దొరికింది. ఇంజను ఊరికే తిరుగుతున్నప్పుడు కూడా బండి కొంచెం కొంచెం ముందుకి పాకుతోంది.

“చూశావా? నేను బిగించకపోతే ఇది పాకి పాకి బల్ల మీంచి పడేది.”

మా మరిది తల గీరుకున్నాడు. అన్నయ్య కుర్చీలోంచి లేచి వచ్చిందే పదివేలు, బ్రేకు సంగతి తర్వాత చూసుకుందామనుకుని ఉంటాడు. నేనూ అదే అనుకున్నాను.

ఆదివారం ముగ్గురం వెళ్లాం. కోల్డ్ స్టోరేజీ వెనక గోడ నీడలో వరసగా బల్లలు, వాటి మీద కార్లు, చుట్టూ వాటికంటే మురికిగా ఉన్న మనుషులు. ముందు మట్టి బాట. మలుపులు, మిట్టలు, అంచుల్లో పాత నీళ్ల పైపులు. కార్లు నడిపేవాళ్లు నిలబడడానికి ఒక ఎత్తైన చెక్క మంచె. అందరూ రిమోట్లు పట్టుకుని, మెడలు ఒక్కసారే అటూ ఇటూ తిప్పుతూ మాట్లాడకుండా నిలబడతారు. నాకు నవ్వు ఆగలేదు.

మా కారు పరిగెత్తలేదు. మిగిలినవి రివ్వున పోతుంటే ఇది నిండుచూలాలిలా నడిచింది. ఇంజను మాత్రం చచ్చేలా అరిచింది. మా మరిది ఇంధనం పాళ్లు పెంచాడు, తగ్గించాడు, ప్లగ్గు మార్చాడు, చివరికి కారుని బతిమాలాడు. రెండు రౌండ్లయ్యాక చేత్తో ముట్టుకోలేనంత వేడెక్కి ఆగిపోయింది.

పక్క బల్ల పళ్ల డాక్టరుది. పళ్ల డాక్టరుకి పళ్ల చక్రాల పిచ్చి ఉండడంలో వింతేముంది. అక్కడ ఏటా గెలిచేది ఆయనేనట. ఆయన వచ్చి, మా కారు నడుమ ఉన్న డిస్కు మీద ఒక్క నీటి చుక్క వేశాడు. సుయ్‌మంది.

“బ్రేకు వేసుకునే పరిగెడుతోందండీ పాపం. ఇంజనుదేం తప్పు లేదు. ప్యాడుకీ డిస్కుకీ మధ్య కొంచెం సందు ఇవ్వండి. కాగితమంత చాలు” అన్నాడు నవ్వుతూ.

“చూస్తాం లెండి” అన్నారు మా ఆయన. మొహం తలుపేసుకున్నట్టు అయిపోయింది.

ఇంటికొచ్చాక నేను ఊరుకోలేకపోయాను. కుట్టుమిషనుకి నూనె వేశాక చక్రం తిప్పి వదిలితే అది దాని సరదాకి ఇంకో రెండు తిరుగుళ్లు తిరగాలి. అలా తిరక్కపోతే ఎక్కడో పట్టేస్తోందని అర్థం. నేను కారుని పైకెత్తి చక్రాన్ని అలాగే తిప్పాను. చెయ్యి తీయగానే టక్కున ఆగింది.

“ఏమండీ, ఆ డాక్టరు అన్నది నిజమే. ఇది పట్టేసుకుంది” అన్నాను.

“తెలుసు” అన్నారు.

“తెలిసీ...?”

“తెలుసన్నానుగా. అది అలాగే ఉండనీ.”

లేచి వెళ్లి స్కూటరు కింద ఇటుక ఉందో లేదో చూసొచ్చారు.

అప్పుడు నాకు భయం వేసింది. తెలియక చేసిన తప్పయితే ఎవరో ఒకరు చెబుతారు, దిద్దుకుంటాం. తెలిసి చేస్తున్నదాన్ని దిద్దడం ఎలాగో నాకు తోచలేదు.

కానీ ఆ వేసవి నన్ను ఎక్కువసేపు దిగులుపడనివ్వలేదు. తర్వాతి ఆదివారం పందెం మధ్యలో మా మరిదికి కొట్టు నుంచి ఫోను. ఎవరికో డబుల్ పరుపు బదులు సింగిల్ పరుపు పంపేశాడట, ఆ మొగుడూ పెళ్లాల్లో ఒకరు నేల మీద పడుకుంటున్నారట. “వదినా, ఒక్క నిమిషం” అని రిమోటు నా చేతిలో కుక్కి మంచె దిగిపోయాడు.

కింద మా కారు ఒక్కత్తే వెళ్లిపోతోంది. నేను మీట మెల్లగా లాగాను.

ఇన్నేళ్లుగా మోటారు మిషను మీద కుడుతున్నదాన్ని. పెడలు మీద కాలు ఎంత ఆనిస్తే సూది ఎంత నడుస్తుందో, మూల దగ్గర ఎక్కడ తగ్గించి ఎక్కడ మళ్లీ అందుకోవాలో నా ఒంటికి తెలుసు. ఇక్కడ కాలు బదులు వేలు, అంతే. మా మరిది నడిపితే ప్రతి మలుపూ ఒక యుద్ధం. నేను మలుపుల్ని కర్టెను అంచులా మడిచి కుట్టుకుంటూ పోయాను. కారు నెమ్మదైనదే, కానీ పల్టీ కొట్టలేదు, పైపుల్ని గుద్దలేదు. వేగంగా పోయినవాళ్లు పల్టీలు కొడుతుంటే నేను పక్కనుంచి చక్కగా వెళ్లిపోయాను. పళ్ల డాక్టరు మెడ తిప్పి నా వైపు చూశాడు. నాకు అంత సంతోషం ఈ మధ్యకాలంలో ఎప్పుడు కలిగిందో గుర్తులేదు. గట్టిగా అరిచేశాను కూడా, ఏమని అరిచానో తెలియదు.

మా మరిది తిరిగొచ్చి రిమోటు అడగలేదు. “ఈ కారు నీదే వదినా. నేను చెత్త మెకానిక్కుకి అసిస్టెంటుని” అన్నాడు.

“ఎవడ్రా చెత్త?” అన్నారు మా ఆయన కింద నుంచి.

అయితే ఒక చిక్కు వచ్చింది. ఈ కార్ల ట్యాంకు చాలా చిన్నది. పందెం మధ్యలో పక్కకి తెచ్చి ఆపాలి. అక్కడ మన మనిషి ఒకరు మోకాళ్ల మీద కూర్చుని, చెయ్యి నేలకి ఆనించి చాచి ఉంచుతారు. కారు సరిగ్గా ఆ చేతిలోకి వచ్చి ఆగాలి. ఆయన మూత తీసి, సీసా నొక్కి ఇంధనం పోసి, వదిలేస్తారు. క్షణాల పని. అక్కడ కూర్చునేది మా ఆయన. నేను ఎంత నెమ్మదిగా తెచ్చినా, కారు దగ్గరికి రాగానే ఆయన చెయ్యి వెనక్కి వెళ్లిపోయేది. కారు ముందుకి పోయేది, ఆయన వెళ్లిపోతున్న బస్సు వెనక పరిగెత్తినట్టు దాని వెనక పరిగెత్తేవారు. చుట్టూ నవ్వేవాళ్లు. ఆయనా నవ్వేవారు. నేను మాత్రం మంచె మీంచి ఆ చేతినే చూసేదాన్ని.

వారాలు అలా గడిచాయి. సాయంత్రాలు నేను కుడుతూ కారు సంగతులు చెప్పేదాన్ని, ఆయన వింటూ మరలు తిప్పేవారు. “బ్రేకు నొక్కితే మలుపులో తోక విసురుతోందండీ” అంటే వెనక చక్రాల డిస్కుకి బిగువు తగ్గించి ముందుదానికి పెంచేవారు. “ఇప్పుడు తోక విసరట్లేదు గానీ, తిరగమంటే తిరక్కుండా తిన్నగా పోతోంది” అంటే మళ్లీ కొంచెం వెనక్కి మార్చేవారు. మా పెళ్లయినప్పటి నుంచీ నేను చెప్పింది చెప్పినట్టు ఆయన విన్నది ఆ వేసవిలోనే. అన్నీ మార్చారు. బ్రేకుని వదలనివ్వని ఆ ఒక్క మర జోలికి మాత్రం పోలేదు.

మబ్బులు పట్టడం మొదలయ్యాక ఒకరోజు కంపెనీ సూపర్‌వైజరు ఇంటికొచ్చాడు. భారీ మనిషి, మంచి మనసు. టీ తాగి, బల్ల మీద కారుని అటూ ఇటూ చూసి, ఎలా మొదలుపెట్టాలో తెలియక గుటకలు మింగి, చివరికి అడిగేశాడు.

“ఏం గురూ, వచ్చే సోమవారం నుంచి రమ్మంటున్నారు. షాఫ్టులోకా, గోడౌనులోకా? గోడౌను అయితే చెప్పు, కుర్చీ వేయిస్తా.”

“వేయించండి” అన్నారు మా ఆయన.

సూపర్‌వైజరు వెళ్లాక నేను మిషను తొక్కుతూనే ఉన్నాను. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు నా కోపమంతా ఎవరిదో కర్టెను మీద పడి, అంచు తిరగేసి కుట్టేశాను.

“కుర్చీ వేయించమన్నారా?”

“అన్నాను.”

“నాతో ఒక్క మాట అనలేదు.”

“గోడౌనయితే నీకూ బెంగ ఉండదుగా.”

“నా బెంగ మీదకి నెట్టకండి. భయమేస్తోందని ఒక్కసారి అనండి, నేనే వచ్చి ఆ కుర్చీ తుడిచి పెడతాను.”

ఆయన కారు చక్రం తిప్పారు, అది వెంటనే ఆగింది. అప్పటిదాకా నాకెప్పుడూ చెప్పనిది చెప్పారు.

“ఆ రోజు లిఫ్టు నేనే ఆపాను. ఆగలేదు. పైన యంత్రం గదిలో ఎవడో బ్రేకు డ్రమ్ము మీద నూనె ఒలకబోశాడు. జారింది.”

“తర్వాత పట్టింది కదా.”

“పట్టింది.”

“ఆ బ్రేకు బిగించింది ఎవరు?”

“నేనే. అంతకుముందు సర్వీసులో.”

“మరి ఇంకేమిటండీ? నూనె పడ్డా పట్టిందంటే మీ పని ఎంత గట్టిదో...”

“పట్టింది, కాదనను. కానీ పట్టేలోపు కాస్త సందు ఉంది చూడు. ఏదీ పట్టుకోని సందు. నేనింకా అక్కడే ఉన్నట్టుంది.”

లేచి వెళ్లి పక్కన కూర్చుని, అతుక్కున్న ఆ చెయ్యి పట్టుకున్నాను. అలాగే ఉన్నాం. అప్పుడు మా మరిది కొత్త టైర్లు నాలుగూ చేతులకి గాజుల్లా తొడుక్కుని లోపలికొచ్చి, మమ్మల్ని చూసి, “నేనెళ్లి మళ్లీ వస్తానులే” అని వెనక్కి తిరిగాడు. ఇద్దరం ఒకేసారి నవ్వాం, నేను కళ్లు తుడుచుకుంటూ నవ్వాను.

ఆఖరి పందెం రోజు ఆకాశం నల్లగా ఉంది. ఎప్పుడైనా చినుకు పడొచ్చని నిర్వాహకులు తొందరపెడుతున్నారు. మేం వెళ్లేసరికి మా ఆయన అప్పటికే బల్ల దగ్గర ఉన్నారు. పొద్దున్నే ఒక్కరే బస్సెక్కి వచ్చేశారు. కారు నడుము విప్పి ఉంది. క్లచ్చుకి గట్టి స్ప్రింగులు వేశారు, ఇంజను ఊరికే తిరిగే వేగం తగ్గించారు. ఇక నిలబెడితే బండి పాకదు. పాకదు కాబట్టి సాకూ లేదు.

“నీ దగ్గర ఆ కాగితం ఉందా?” అని అడిగారు.

నా సంచీలో ట్రేసింగ్ కాగితం ఎప్పుడూ ఉంటుంది. చీలిక చింపి ఇచ్చాను. ఆయన దాన్ని ప్యాడుకీ డిస్కుకీ మధ్య దూర్చి, మర సరిచేసి, కాగితం లాగేశారు. రెండో డిస్కుకీ అంతే. తర్వాత కారుని పైకెత్తి చక్రం తిప్పి వదిలారు. అది తిరుగుతూనే ఉంది. ముగ్గురం అది ఆగేదాకా చూశాం.

“వేగంగా వస్తుంది ఇక. ఇంధనానికి వచ్చేటప్పుడు ముందుగానే బ్రేకు నొక్కు” అన్నారు నాతో.

“మీ చెయ్యి...”

“నా చెయ్యి సంగతి నేను చూసుకుంటాను. నువ్వు నీ వేలు సంగతి చూసుకో.”

మంచె ఎక్కాను. జెండా ఊపగానే మీట లాగితే ఆ కారు నాది కాదేమో అనిపించింది. ఇన్నాళ్లూ లాక్కుంటూ నడిచింది, ఇప్పుడు జారుకుంటూ పోయింది. మొదటి మలుపులో నేను దాని వెనక పడ్డాను, రెండో మలుపులో సర్దుకున్నాను, మూడో మలుపు దాటాక ఇద్దరం ఒకటయ్యాం. మిట్ట మీద ఎగిరి అవతల దిగినప్పుడు మా మరిది కింద నుంచి వేసిన ఈల నాకు ఇంజన్లను మించి వినిపించింది.

తర్వాత మా మరిది చెయ్యి ఊపాడు. ఇంధనం అయిపోవస్తోంది. నేను కారుని పక్క బాటలోకి తిప్పాను. తిన్నగా ఉన్న బాట. చివర మా ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఉన్నారు. అరచెయ్యి నేల మీద ఆనించి చాచారు. ఆ విరిగి అతికిన చెయ్యే.

ఆ బాటలో అంత వేగంగా నేను ఎప్పుడూ రాలేదు. తగ్గిద్దామనుకునేలోపే సగం దాటిపోయాను. చెయ్యి తీసేస్తారు, ఇప్పుడు తీసేస్తారు అనుకుంటున్నాను. మీట ముందుకి నెట్టాను. ఒక్క క్షణం ఏమీ జరగలేదు, కారు అలాగే దొర్లింది. తర్వాత ప్యాడ్లు పట్టాయి. కారు ముక్కు వంచి, ఆయన అరచేతిలోకి వచ్చి ఆగింది.

చెయ్యి అక్కడే ఉంది.

మూత తీశారు, పోశారు, వేశారు. “పో!” అన్నారు. నేను కదల్లేదు. ఆయన తలెత్తి నా వైపు చూసి, “పోవే!” అని అరిచారు. మంచె మీద నా పక్కనున్న పళ్ల డాక్టరు కూడా “వెళ్లండమ్మా!” అన్నాడు. అప్పుడు పోయాను. అప్పటికే ఒకతను నన్ను దాటేశాడు.

ఆ నిలబడిపోవడం వల్లే మాకు మూడో స్థానం వచ్చింది. లేకపోతే రెండోది. డాక్టరు మామూలుగానే గెలిచాడు. నాకు చిన్న కప్పు ఇచ్చారు, సగం టీ కూడా పట్టదు. మా మరిది దాన్ని నెత్తిన పెట్టుకుని కోల్డ్ స్టోరేజీ వాచ్‌మన్‌కి కూడా చూపించి వచ్చాడు. అప్పుడే చినుకులు మొదలై, అందరూ కార్ల మీద ప్లాస్టిక్ కవర్లు కప్పుకుంటూ పరుగులు.

గోడ వారగా తలదాచుకున్నాం. మా మరిది ఉండబట్టలేక అడిగేశాడు.

“అన్నయ్యా, ఈసారి చెయ్యి తీయలేదేం?”

“బ్రేకు పెట్టింది నేనే కదరా. ఎంత దూరంలో ఆగుతుందో నాకు తెలీదా?”

“ఆహా! నడిపింది నేను!” అన్నాను.

“అందుకే కొంచెం భయమేసింది” అన్నారు నవ్వుతూ.

నేను వానలోకి చెయ్యి చాచి, ఆ నీళ్లు ఆయన మొహాన కొట్టాను.

సోమవారం ఆయన అన్నం డబ్బా తీసుకుని వెళ్లారు. ఎటు వెళుతున్నారో చెప్పలేదు, నేను అడగలేదు. అడిగితే ఏది చెప్పినా ఏడుస్తానని తెలుసు. తిరగేసి కుట్టిన కర్టెను అంచు విప్పుకుంటూ కూర్చున్నాను.

మధ్యాహ్నం ఫోను మోగింది. అవతల గాలి చప్పుడు, ఎక్కడో లోతు నుంచి ఇనుము మోత.

“ఏం చేస్తున్నావు?”

“కుడుతున్నాను. మీరెక్కడ?”

“పైన. కేబిను మీద.”

చేతిలో కర్టెను పక్కన పెట్టేశాను. “గట్టిగా పట్టుకున్నారా?”

“పట్టుకోవడానికి చేతులేవీ? ఒక చేతిలో స్పానరు, ఒక చేతిలో గుడ్డ. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఉంది.”

“బుద్ధుందా మీకు! పని మీదుండి ఫోనులో కబుర్లేమిటి? పెట్టేయండి ముందు!” అని అరిచి, నేనే పెట్టేశాను.